ఎఫ్‌బీ-01 చాలా, లేక వైఎం2151 బోర్డే కట్టుకోవాలా? పాత ఆర్కేడ్ శబ్దం కోసం

గోదారి_గేమర్

అందరికీ నమస్తే. క్యాప్‌కామ్ సీపీఎస్-1, సెగా సిస్టమ్ 16 (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టెల్లోని బోర్డులు) రోజుల నాటి ఆర్కేడ్ సంగీతాన్ని అసలు చిప్ మీద వినాలని ఉంది. కంప్యూటర్ ఎమ్యులేటర్‌లో కాదు. ఆ ఇత్తడి బాకాల గొంతు, పిడికిలితో గుద్దినట్టుండే బేస్ చేత్తో పట్టుకోగలిగే పెట్టెలోంచి రావాలి. ఆ తర్వాత అదే గొంతులతో సొంత బాణీలు కట్టాలి.

చేతిలో ఉన్నవి: జపాన్ నుంచి వచ్చిన యమహా ఎఫ్‌బీ-01 సౌండ్ మాడ్యూల్ (ఇంకా ప్లగ్ పెట్టలేదు), దానికి కంప్యూటర్ నుంచి మిడి, అంటే ఏ స్వరం వాయించాలో చెప్పే ఆదేశాలు, పంపే యూఎస్‌బీ మిడి కేబుల్, ఆర్డుయినో యూనో, ఫ్రీక్వెన్సీ చూపించే మల్టీమీటర్. ఆసిలోస్కోప్ లేదు. సోల్డరింగ్ బాగానే వచ్చు.

ఎఫ్‌బీ-01తోనే పని అయిపోతుందా? లేక వైఎం2151 సౌండ్ చిప్ కొని విడిగా బోర్డు కట్టాలా? కట్టాల్సి వస్తే ఎక్కడెక్కడ దెబ్బ తినే అవకాశం ఉందో ముందే చెబితే మేలు.

టంకం_రావు

మొదట ఒక్క మాట. ఆ ఎఫ్‌బీ-01 వెనక లేబుల్ మీద వోల్టేజ్ ఎంతుందో చూసేదాకా ప్లగ్ పెట్టకండి. జపాన్‌లో అమ్మిన పెట్టె 100 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది. మన 230కి పెడితే అది కాలిపోతుంది.

ఇక ప్రశ్నకు వద్దాం. రెండూ ఒకే ఇంటి బిడ్డలే గానీ పనులు వేరు.

ఆర్కేడ్ బోర్డుల్లో ఉండేది వైఎం2151. దీన్నే ఓపీఎం అంటారు. 8 ఛానళ్లు, ఒక్కో ఛానల్‌కు 4 ఆపరేటర్లు, అంటే తరంగాలు పుట్టించే భాగాలు. ఒకదాని తరంగంతో ఇంకోదాన్ని కదిపి గొంతు కట్టడమే ఎఫ్ఎం. 1984లో అటారీ వాళ్ల మార్బుల్ మ్యాడ్‌నెస్‌తో ఆర్కేడ్‌లో అడుగుపెట్టి 90ల దాకా ఏలింది. 1986లో వచ్చిన ఎఫ్‌బీ-01లో ఉండేది వైఎం2164, అంటే ఓపీపీ. శబ్దం పుట్టించే భాగం రెండింట్లో ఒకటే అనుకోవచ్చు. కాబట్టి ఎఫ్‌బీ-01లో బాగా కట్టిన వాయిస్ వింటే ఆర్కేడ్ గుర్తు రావడం మీ భ్రమ కాదు.

తేడా ఎక్కడంటే, ఎఫ్‌బీ-01లో చిప్‌కీ మీకూ మధ్య దాని సొంత ప్రాసెసర్ కూర్చుని ఉంటుంది. మీరు మిడి నోట్లు ఇస్తారు, ఏ రిజిస్టర్‌లో (చిప్ లోపల అంకెలు రాసే గడి) ఏం రాయాలో అది తేల్చుకుంటుంది. ఆర్కేడ్ గేమ్‌లోని సౌండ్ ప్రోగ్రామ్ అయితే తిన్నగా రిజిస్టర్లలోనే రాస్తుంది. పాత ఆట సంగీతాన్ని ఉన్నదున్నట్టు వినాలంటే వీజీఎం ఫైళ్లు కావాలి. వాటిలో ఉండేవి నోట్లు కావు, రిజిస్టర్ రాతలు. అవి ఎఫ్‌బీ-01కి ఎక్కవు. అందుకే, సొంత బాణీలకు ఎఫ్‌బీ-01 చాలు. పాతవి యథాతథంగా వినాలంటే చిప్ విడిగా కావాల్సిందే.

ఎఫ్‌బీ-01లోంచి చిప్ పీకి ఆర్కేడ్ బోర్డులో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. కాళ్లు సరిపోతాయి, శబ్దమూ వస్తుంది. కానీ వైఎం2164లో టైమర్ బి సగం వేగంతో నడుస్తుంది. ఆ టైమర్‌తో తాళం నడిపే ఆటల్లో పాట ఈడ్చుకుంటూ పోతుంది. పైగా బాగున్న మాడ్యూల్‌ని పాడు చేసినట్టవుతుంది.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. మీకు గుర్తున్న సీపీఎస్-1 శబ్దంలో సగం వైఎం2151ది కాదు. డ్రమ్స్, అరుపులు, దెబ్బల చప్పుడు ఇచ్చేది పక్కనున్న ఓకీ ఎంఎస్ఎం6295. అది రికార్డు చేసిన శబ్దాల్ని కుదించిన రూపంలోంచి వాయించే 4 బిట్ల ఏడీపీసీఎం చిప్. 1 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 132తో భాగిస్తే సెకనుకు 7576 శాంపిళ్లు వస్తాయి. అంటే 3.8 కిలోహెర్ట్జ్ పైన దానిలో ఏమీ ఉండదు. అదే సమయంలో వైఎం2151 సెకనుకు 55,930 శాంపిళ్లు ఇస్తుంది. పైన గాజుముక్కలా మెరిసే ఎఫ్ఎం, కింద దుప్పటి కప్పినట్టు మొద్దుగా డ్రమ్. ఆ కాలపు శబ్దం అనగానే చెవికి తగిలేది ఈ జంటే. సొంత బాణీలో శుభ్రమైన 44.1 కిలోహెర్ట్జ్ డ్రమ్ వేశారంటే ఎఫ్ఎం ఎంత అసలైనదైనా ఆర్కేడ్ అనిపించదు. స్నేర్‌ని 7576కి దింపి, ఓకీ ఏడీపీసీఎంలోకి మార్చి (సాక్స్ ప్రోగ్రామ్‌లో వాక్స్ ఫార్మాట్ అదే), మళ్లీ వేవ్‌గా తెచ్చుకుని వాడి చూడండి.

వీణ_ఎఫ్ఎం

ఎఫ్‌బీ-01 గురించి నేను చెబుతాను.

కరెంటు: మన దగ్గర దుకాణాల్లో తేలిగ్గా దొరికేవి 230 నుంచి 110కి దింపే ట్రాన్స్‌ఫార్మర్లు. 100 వోల్టుల పెట్టెకి 110 ఇస్తే వెంటనే ఏమీ అవదు గానీ లోపలి రెగ్యులేటర్ వేడెక్కుతుంది. లైన్ 240 దాటిన రోజు అవుట్‌పుట్ 115కి పోతుంది. 100 వోల్టుల ట్యాప్ ఉన్నదే అడిగి తీసుకోండి. 50 వీఏది చాలు, ఈ పెట్టె తాగే కరెంటు చాలా తక్కువ. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా రెండు చుట్లు వేరుగా ఉన్నది అయితే ఇంకా మంచిది.

బ్యాటరీ: లోపల మెమరీ కోసం 3 వోల్టుల లిథియం బిళ్ల సోల్డర్ చేసి ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత అది చచ్చిపోయి ఉంటుందనే అనుకోండి. మొత్తం 7 బ్యాంకుల్లో, బ్యాంకుకి 48 వాయిస్‌ల చొప్పున, మొదటి రెండు మాత్రమే మీరు రాసుకునేవి. మిగతా ఐదింటిలోని 240 వాయిస్‌లు రామ్‌లో కాదు రోమ్‌లో ఉంటాయి, వాటికి బ్యాటరీతో పని లేదు. పాతది తీశాక సీఆర్2032 హోల్డర్ పెట్టేయండి. బిళ్లకే నేరుగా సోల్డరింగ్ ఐరన్ తగిలించకూడదు, లిథియం సెల్ పేలొచ్చు.

వాయిస్ మార్చడం: ముందు బటన్లతో వాయిస్‌ని లోతుగా ఎడిట్ చేయలేరు. అసలు పనంతా సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలతోనే (ఆ పరికరానికే ప్రత్యేకమైన మిడి సందేశాలు), కంప్యూటర్ నుంచి. బ్యాంకు పంపితే ఎక్కలేదా? పది సార్లలో తొమ్మిది సార్లు మెమరీ ప్రొటెక్ట్ ఆన్‌లో ఉండిపోవడమే కారణం. దాన్ని ఆఫ్ చేసి మళ్లీ పంపండి. అప్పటికీ ఎక్కకపోతే మీ యూఎస్‌బీ మిడి కేబుల్‌ని అనుమానించండి. చవక రకాలు నోట్లను బాగానే పంపుతాయి, పొడవైన సందేశాల్లో మాత్రం మధ్య బైట్లు మింగేస్తాయి.

కాన్ఫిగరేషన్లలో 'మోనో 8' అని ఒకటుంటుంది, దాన్ని ఎంచుకోండి. ఎనిమిది వాయిద్యాలు, ఒక్కోదానికి ఒక్కటే స్వరం. ఆర్కేడ్ సంగీత దర్శకుల చేతిలో ఉన్నదీ ఇదే: ఎనిమిది గీతలు, అంతే. మూడు స్వరాలు ఒకేసారి మోగే కార్డ్ కావాలంటే మూడు ఛానళ్లు ఖర్చవుతాయి. ఆ ఇరుకులోంచే ఆ బాణీల తీరు పుట్టింది.

రివర్బ్ పెట్టె జోలికి పోకండి. అప్పటి వాళ్లు ప్రతిధ్వనిని ఇంకో ఛానల్ ఖర్చు పెట్టి చేసేవారు. అదే వరసని 6 నుంచి 8 ఫ్రేములు ఆలస్యంగా, అంటే 60 హెర్ట్జ్ లెక్కన 100 నుంచి 133 మిల్లీసెకన్లు, రెండో ఛానల్‌లో వాయించాలి. శ్రుతి నాలుగైదు సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) పక్కకి జరపాలి. 12 డెసిబెల్స్ తగ్గించాలి. చిప్‌లో టోటల్ లెవెల్ ఒక్క మెట్టు 0.75 డెసిబెల్ కాబట్టి 16 మెట్లు. ఆ తగ్గింపు క్యారియర్ ఆపరేటర్లకే, అంటే చెవికి వినపడేవాటికే. క్యారియర్‌ని కదిపే మాడ్యులేటర్‌కి కూడా తగ్గిస్తే శబ్దం తగ్గడం కాదు, గొంతే మారిపోతుంది.

కోఠి_కెపాసిటర్

చిప్ బోర్డు కట్టే సంగతి. విడిభాగాలు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి, వైఎం2151, వైఎం3012 తప్ప. ఆ రెండూ ఆన్‌లైన్‌లో పాత బోర్డుల నుంచి పీకినవే. పైభాగం గరుకు కాగితంతో రుద్ది కొత్త నంబర్ ముద్రించినవి బాగా తిరుగుతున్నాయి. అసిటోన్ ముంచిన దూదితో తుడిస్తే అక్షరాలు చెరిగి నల్ల రంగు దూదికి అంటుకుంటుంది. అలాంటివి తిప్పి పంపండి. రెండు చొప్పున కొని, సాకెట్‌లోనే పెట్టండి.

వైఎం3012 ఎందుకంటే, వైఎం2151 ఇచ్చేది శబ్దం కాదు, సీరియల్ అంకెలు. వాటిని వోల్టేజ్‌గా మార్చేది 3012. తప్పించుకోలేరు.

క్లాక్: 3.579545 మెగాహెర్ట్జ్. మన దగ్గర ఇది చాలా సులువు. కాలేజీ ప్రాజెక్టుల్లో వాడే ఎంటీ8870 డీటీఎంఎఫ్ మాడ్యూల్ మీద ఉండే క్రిస్టల్ ఇదే. కాకపోతే వైఎం2151 లోపల ఆసిలేటర్ లేదు, క్రిస్టల్‌ని కాళ్లకి తగిలిస్తే నడవదు. 74హెచ్‌సీయూ04లో ఒక గేటు, దాని మీద 1 మెగాఓమ్, క్రిస్టల్ రెండు కొసల నుంచి గ్రౌండ్‌కి 22 పికోఫారడ్‌లు, తర్వాత ఇంకో గేటుని బఫర్‌గా పెట్టి చిప్‌కి. పేరులో 'యూ' ఉన్నదే తీసుకోండి. మామూలు 04తో ఒక్కోసారి పిచ్చి ఫ్రీక్వెన్సీలో ఆడుతుంది.

ఆర్డుయినో వైరింగ్: డేటా 8 గీతలు 2 నుంచి 9 పిన్నులకి. 0, 1 పిన్నులు వాడొద్దు, అవి యూఎస్‌బీ సీరియల్‌వి. చిప్ ఏ0, రైట్, చిప్ సెలెక్ట్, రీసెట్ (ఐసీ అని ఉంటుంది) నాలుగింటినీ అనలాగ్ పిన్నులకి. రీడ్ పిన్‌ని 5 వోల్టులకి కట్టేయండి. రీసెట్‌ని కొన్ని మిల్లీసెకన్లు కిందికి లాగి వదలాలి, ఆ సమయంలో క్లాక్ నడుస్తూ ఉండాలి.

పవర్ దగ్గరే చాలా బోర్డులు చెడిపోయేది. 3012 తన 5 వోల్టులనే కొలబద్దగా వాడుతుంది. యూఎస్‌బీ 5 వోల్టుల మీద ఉన్న గరగర శబ్దమంతా నేరుగా ఆడియోలోకి దిగుతుంది. కాబట్టి 12 వోల్టుల అడాప్టర్ నుంచి విడిగా 7805 పెట్టి యమహా చిప్‌లకి ఇవ్వండి, ఆర్డుయినో గ్రౌండ్‌ని ఒక్క చోట మాత్రమే కలపండి. ప్రతి చిప్ కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్, 3012 దగ్గర అదనంగా 100 మైక్రోఫారడ్.

ఆప్‌ఆంప్: 3012 అవుట్‌పుట్ కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్ మీద ఆధారపడుతుంది, దాన్నుంచి కరెంటు లాగకూడదు. అందుకే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ బాగా ఎక్కువున్న ఫాలోవర్ తప్పనిసరి. టీఎల్072 వాడితే దానికి 12 వోల్టులు ఇవ్వండి. 5 వోల్టుల మీద నడిపిస్తే పెద్ద శబ్దాలు చితికిపోతాయి, చిప్ పాడైందనుకుని జనం తలపట్టుకుంటారు. 5 మీదే నడపాలంటే ఎంసీపీ6002 లాంటి రైల్-టు-రైల్ రకం. సిగ్నల్ 2.5 వోల్టుల మీద కూర్చుని వస్తుంది కాబట్టి చివర 10 మైక్రోఫారడ్, ప్లస్ కాలు ఆప్‌ఆంప్ వైపు.

స్కోప్ లేకపోయినా మీ మీటర్ చాలు. రీసెట్ వదలగానే, ఇంకా ఏమీ రాయకముందే చూడండి: క్లాక్ పిన్ మీద 3.58 మెగాహెర్ట్జ్ (మీటర్ అంత దూరం కొలిస్తే), ఫై1 అవుట్‌పుట్ మీద సరిగ్గా సగం, 1.79. ఎస్‌హెచ్1, ఎస్‌హెచ్2 మీద 55.9 కిలోహెర్ట్జ్. ఈ చివరిది ఏ మీటర్ అయినా చూపిస్తుంది. ఆ 55.9 కనిపిస్తే చిప్ బతికే ఉంది, తప్పు మీ కోడ్‌లోనో తర్వాతి మెట్టులోనో వెతకండి.

మొదటి స్వరం ఇలా తెప్పించండి, అంకెలన్నీ హెక్స్: రిజిస్టర్ 20లో సీ7, 28లో 4ఏ, 40లో 01, 60లో 00, 80లో 1ఎఫ్, ఈ0లో 0ఎఫ్. 68, 70, 78 మూడింట్లో 7ఎఫ్. చివరగా 08లో 08. 440 హెర్ట్జ్ నున్నటి స్వరం రావాలి. రాకపోతే ముందుగా 20వ రిజిస్టర్ పై రెండు బిట్లు చూడండి. అవి ఎడమ, కుడి స్విచ్‌లు. రీసెట్ తర్వాత రెండూ ఆఫ్‌లోనే ఉంటాయి. అన్నీ సరిగ్గా రాసి వీటిని మరిచిపోతే ఛానల్ మూగగా ఉంటుంది.

గోదారి_గేమర్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బోర్డు కట్టాను, ఎస్‌హెచ్1 మీద కొలత వచ్చింది, టెస్ట్ స్వరం కూడా వచ్చింది. క్రిస్టల్ తర్వాత తెద్దామని ప్రస్తుతం ఆర్డుయినో టైమర్‌తోనే క్లాక్ ఇస్తున్నాను (9వ పిన్ క్లాక్‌కి పోయింది, ఒక డేటా గీతని 10కి మార్చాను). మూడు తేడాలు ఉన్నాయి.

ఒకటి, పాటంతా శ్రుతి పెరిగి వినిపిస్తోంది, తాళం మాత్రం సరిగ్గానే ఉంది. రెండు, డిజిటల్‌రైట్ తీసేసి పోర్ట్‌లోకి నేరుగా రాసేలా మార్చినప్పటి నుంచి మధ్యమధ్యలో స్వరాలు ఎగిరిపోతున్నాయి. మూడు, సొంతంగా కట్టిన బ్రాస్ వాయిస్ రేకు డబ్బా మోగినట్టుంది, కాగితం మీద లెక్క మాత్రం సరిగానే ఉంది.

కోఠి_కెపాసిటర్

ఎస్‌హెచ్1 మీద 62.5 కిలోహెర్ట్జ్ వచ్చి ఉండాలే, 55.9 కాదు. చూసుకోండి. 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో టైమర్ నుంచి 3.58 రాదు, దగ్గరగా వచ్చేది 4. దానితో 1.92 సెమీటోన్లు పెరుగుతుంది, అంటే ఒకటి శ్రుతిలో పాడాల్సింది దాదాపు రెండు శ్రుతికి పోయినట్టు. తాళం ఎందుకు మారలేదంటే వీజీఎం ఫైల్‌లోని విరామాల్ని లెక్కపెట్టేది మీ ఆర్డుయినో, చిప్ కాదు. సెకనుకు 44,100 లెక్కన, ఒక ఫ్రేమ్‌కి 735. క్రిస్టల్ పెట్టగానే సర్దుకుంటుంది. షార్ప్ ఎక్స్68000 పాటలకు మాత్రం ఆ 4 మెగాహెర్ట్జే సరైనది. ఫైల్ హెడర్‌లో హెక్స్ 30వ స్థానం దగ్గర నాలుగు బైట్లు చదివితే ఏ క్లాక్‌కి రాసిందో తెలుస్తుంది.

స్వరాలు ఎగిరిపోవడం: చిప్ ఒక రాతని మింగడానికి 64 క్లాక్‌లకు పైగా తీసుకుంటుంది, 3.58 దగ్గర సుమారు 18 మైక్రోసెకన్లు. డిజిటల్‌రైట్ తనకు తానే నెమ్మది కాబట్టి ఇన్నాళ్లూ కాపాడింది. ఇప్పుడు మీరు తలుపు మూసుకునేలోగా ఇంకోటి విసురుతున్నారు. డేటా రాశాక 20 మైక్రోసెకన్లు ఆగండి. అప్పటికీ పోతుంటే సీరియల్ వైపు చూడండి. ఆర్డుయినో రిసీవ్ బఫర్ 64 బైట్లే. పీసీ ఆపకుండా పోస్తే పొంగిపోతుంది. ఆర్డుయినో అడిగినప్పుడే తర్వాతి ముక్క పంపేలా రాయండి, వేగం 115200 బదులు 500000 పెట్టండి. 16 మెగాహెర్ట్జ్ నుంచి 115200 కచ్చితంగా రాదు, రెండు శాతం తప్పుతుంది. 500000 సరిగ్గా వస్తుంది.

వీణ_ఎఫ్ఎం

మూడోది నాకు తెలుసు, ఓపీఎం మీద వాయిస్ రాసే ప్రతి ఒక్కరూ ఇక్కడ ఒకసారి ఆగుతారు. ఆపరేటర్ రిజిస్టర్లు ఎం1, ఎం2, సీ1, సీ2 వరసలో ఉంటాయి, ఎనిమిదేసి దూరంలో. కానీ 08 రిజిస్టర్‌లో స్వరం ఆన్ చేసే బిట్లు ఎం1, సీ1, ఎం2, సీ2 వరసలో ఉంటాయి. వాయిస్ ఎడిటర్లు కూడా రెండో వరసలోనే 1, 2, 3, 4 అని చూపిస్తాయి. మీరు 2, 3 ఆపరేటర్లని తారుమారుగా రాసి ఉంటారు. అప్పుడు మాడ్యులేటర్‌కి ఇవ్వాల్సిన లెవెల్ క్యారియర్‌కి పోతుంది, క్యారియర్‌ది మాడ్యులేటర్‌కి పోతుంది. రేకు డబ్బా శబ్దం దాని గుర్తే.

ఇంకోటి. 28 రిజిస్టర్‌లో స్వరాల అంకెలు వరసగా ఉండవు, 3, 7, 11, 15 ఖాళీ. పైగా ఆక్టేవ్ సీ షార్ప్ దగ్గర మొదలై సీ దగ్గర ముగుస్తుంది. మిడి నోట్‌ని 12తో భాగించి నేరుగా వేస్తే కొన్ని స్వరాలు జంటగా ఒకేలా వినిపిస్తాయి. పన్నెండు అంకెల పట్టిక రాసుకోండి: 0, 1, 2, 4, 5, 6, 8, 9, 10, 12, 13, 14.

జామా_జానకిరామ్

ఈ చర్చలోనే అడుగుతున్నాను. బోర్డు కట్టే ఓపిక లేదు, పనిచేస్తున్న పాత జామా బోర్డు (జామా అనే ప్రామాణిక కనెక్టర్ ఉన్న ఆర్కేడ్ బోర్డు) ఉంది. స్పీకర్ వైర్లు రెండూ మిక్సర్ లైన్‌కి ఇవ్వచ్చా?

టంకం_రావు

వద్దండీ. జామా కనెక్టర్‌లో స్పీకర్ ప్లస్ 10వ పిన్, మైనస్ ఎదురు వైపు ఎల్ పిన్. చాలా బోర్డుల్లో ఆ మైనస్ గ్రౌండ్ కాదు, అది కూడా ఆంప్లిఫయర్ అవుట్‌పుటే. మిక్సర్ దాన్ని గ్రౌండ్‌కి కట్టేస్తుంది, ఆంప్ ఐసీ వేడెక్కి పోతుంది. రెండు దారులున్నాయి. ఒకటి, వాల్యూమ్ పాట్ పై కాలు దగ్గర, ఆంప్‌కి ముందే, 10 మైక్రోఫారడ్ ద్వారా సిగ్నల్ తీసుకోవడం. శుభ్రంగా వస్తుంది. రెండు, స్పీకర్‌ని అలాగే ఉంచి, దాని మీదుగా అటెన్యుయేటర్, ఆపై 600:600 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్.

రెండోది కొంచెం మసకగా ఉంటుంది, కానీ వీడియో గేమ్ పార్లర్ గుర్తుకు అదే దగ్గర. జామాలో స్పీకర్ జత ఒకటే కాబట్టి ఎడమ, కుడి బోర్డు మీదే కలిసిపోతాయి. వినేది కాగితపు కోన్ చిన్న స్పీకర్‌లో. మిక్సర్‌లో 150 హెర్ట్జ్ కింద, 8 కిలోహెర్ట్జ్ పైన కోసి మోనో చేస్తే ఆ ముఖం కనిపిస్తుంది. శబ్దం బలహీనంగా, బేస్ లేకుండా ఉంటే ఆంప్ చుట్టూ ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయని అర్థం, కొలవకుండానే అన్నీ మార్చేయండి.

గోదారి_గేమర్

క్రిస్టల్ పెట్టాను. ఎస్‌హెచ్1 మీద 55.93 చూపిస్తోంది, మీరన్నట్టు ఇంతకుముందు 62.5 ఉంది. ఆపరేటర్ల వరస సరిచేశాక బ్రాస్ గొంతు విప్పింది. స్వరాలు పోవడం ఆగింది. ఒక్కటి మిగిలింది. పొడవాటి స్వరం ఆరిపోయేటప్పుడు తోకలో సన్నగా 'స్స్' అని ఇసుక రాలినట్టు శబ్దం. పవర్ లోపమేనా?

కోఠి_కెపాసిటర్

స్వరం పూర్తిగా ఆగాక కూడా ఆ 'స్స్' ఉందా? ఉంటే పవర్. 7805 తర్వాతి కెపాసిటర్లు, గ్రౌండ్ కలిపిన చోటు చూడండి. స్వరంతో పాటే అదీ ఆరిపోతే లోపం లేదు. 3012 అంకెల్ని 10 బిట్ల మాంటిస్సా (అసలు అంకె), 3 బిట్ల ఎక్స్‌పోనెంట్‌గా (దాని స్థాయి) తీసుకుంటుంది. అందుకే దాని గరుకు స్వరం వెంటే ఉంటుంది, స్వరంతోనే తగ్గుతుంది. ఆర్కేడ్ బోర్డుల్లోనూ అది అలాగే ఉండేది, హాల్లో గోలకి వినపడేది కాదు. ఫిల్టర్ పెట్టి దాన్ని తీసేయకండి, బాకాల మెరుపు కూడా దానితోనే పోతుంది.